ఎదురుగా పిల్లల్లేని పాఠం

టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టగానే ‘ముందు ఓ అయిదు నిమిషాల పాఠం వీడియో తీసి పంపండి’ అంటున్నాయి కొన్ని స్కూళ్లు. నలభై మంది పిల్లల్ని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టగలిగిన వాళ్లకు కూడా ఫోను ముందు నిలబడితే నోరు ఎండిపోతోంది. ఇంతకీ ఆ అయిదు నిమిషాల్లో ఏం చెప్పాలి? అసలు ఎవరికి చెప్పాలి?

ఫ్యాను ఆపేశారు. కుక్కరు కిందికి దించేశారు. మామగారు టీవీ కట్టేసి పేపరు అందుకున్నారు కానీ, తిప్పితే చప్పుడవుతుందని పావుగంట నుంచీ ఒకే పేజీ చదువుతున్నారు. ముందుగదిలో గోడకు ఆనించిన తెల్లబోర్డు. దానికి ఎదురుగా స్టూలు, స్టూలు మీద రెండు బిస్కెట్ డబ్బాలు, వాటికి ఆనించి సెల్‌ఫోను. కోడలు కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, ‘గుడ్ మార్నింగ్ చిల్డ్రన్’ అంది. సరిగ్గా అప్పుడే వీధిలోంచి... ‘పాత ఇనప సామాన్లకీ... పాత పేపర్లకీ...’

అది పద్నాలుగోసారి!

జూన్‌లో బళ్లు తెరుస్తారు. టీచర్ల కోసం ప్రైవేటు స్కూళ్ల వెతుకులాట అంతకు మూడు నాలుగు నెలల ముందే మొదలవుతుంది. ఆ రోజుల్లో ఊరికి నాలుగిళ్లలోనైనా ఇలాంటి దృశ్యం కనిపిస్తుంది. బి.ఇడి. పూర్తిచేసిన అమ్మాయి, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యారని మళ్లీ బడికి వెళ్దామనుకుంటున్న ఇల్లాలు, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ ఈలోగా ఏదో ఒక ఉద్యోగం చేద్దామనుకునే కుర్రాడు... అందరికీ ఇప్పుడు ఈ వీడియో గండం దాటక తప్పడం లేదు.

ఒకప్పుడు డెమో అంటే స్కూలుకు వెళ్లి చెప్పడమే. వెనక బెంచీలో ప్రిన్సిపాలూ, సబ్జెక్టు టీచరూ కూర్చునేవారు. ముందు బెంచీల్లో నిజం పిల్లలు ఉండేవారు. 2020లో కరోనా వచ్చి బళ్లకు తాళాలు పడ్డాక పాఠాలతో పాటు ఇంటర్వ్యూలూ ఫోన్లలోకి వచ్చేశాయి. బళ్లు తెరిచారు కానీ ఈ అలవాటు పూర్తిగా పోలేదు. యాభై దరఖాస్తులు వస్తే యాభై మందినీ పిలిచి క్లాసులు చెప్పించలేరు కదా. వీడియోలు చూసి అయిదుగుర్ని పిలిస్తే యాజమాన్యానికి సులువు. ఎక్కడో దూరాన ఉన్న అభ్యర్థికీ బస్సు చార్జీలు మిగులుతాయి.

అన్నట్టు, సర్కారు డీఎస్సీలో ఈ బాధ లేదు. తెలంగాణలో 2024లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగిన డీఎస్సీల్లో స్కూల్ అసిస్టెంట్, ఎస్‌జీటీ పోస్టులకు రాతపరీక్షకు 80, టెట్‌కు 20... అంతే లెక్క. పాఠం ఎలా చెబుతారో చూసేవాళ్లే లేరు. అదే కేంద్రీయ విద్యాలయాలకు 2022 చివర్లో వచ్చిన నోటిఫికేషన్‌లో టీచరు పోస్టులకు రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూతో పాటు డెమో కూడా పెట్టారు. ఏళ్ల తరబడి బిట్లు చదివి చదివి, తీరా నోరు విప్పాల్సి వచ్చేసరికి తడబడేవాళ్లు చాలామంది కనబడటానికి ఇదీ ఒక కారణమే.

అరవై ఏళ్ల కిందటి సంగతి

వీడియో తీసి పాఠం చూడటం సెల్‌ఫోనుతో వచ్చిన కొత్త వింత అనుకుంటాం కానీ, కాదు. 1963లోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు ఈ పద్ధతి మొదలుపెట్టారు. కొత్తగా టీచరు కాబోయేవాళ్లను ఒకేసారి పెద్ద క్లాసులోకి తోసెయ్యకుండా కొద్దిమంది పిల్లల్ని కూర్చోబెట్టి అయిదారు నిమిషాల చిన్న పాఠం చెప్పించేవారు. దాన్ని రికార్డు చేసి వాళ్లకే చూపించేవారు. తప్పులు దిద్దుకుని మళ్లీ చెప్పమనేవారు. మన దేశంలో 1967లో అలహాబాద్‌లో డి.డి.తివారీ ఈ దారిలో తొలి అడుగు వేశారు. ఆ తర్వాత బి.కె.పాసీ వంటి వారు దీన్ని శిక్షణ కళాశాలల దాకా తెచ్చారు.

బి.ఇడి. చదివినవాళ్లకు ఇప్పటికే గుర్తొచ్చి ఉంటుంది. అవును, అదే సూక్ష్మబోధన! ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు సలహాలు, పన్నెండు నిమిషాలు మళ్లీ తయారీ, ఆరు నిమిషాలు మళ్లీ పాఠం, ఇంకో ఆరు నిమిషాలు మళ్లీ సలహాలు. మొత్తం 36 నిమిషాల చక్రం. కాకపోతే చాలాచోట్ల ఈ చక్రం తిరిగేది రికార్డు పుస్తకంలోనే. సీనియర్ల రికార్డు చూసి రాసేసి సంతకం పెట్టించుకుంటే ఆ పని అయిపోయినట్టే. ఇప్పుడు స్కూళ్లు అడుగుతున్నది అచ్చంగా ఆ ఆరు నిమిషాలనే. అప్పుడు నిజంగా చేసినవాళ్లకు ఇప్పుడు కొంచెం ధైర్యం ఎక్కువ.

సూక్ష్మబోధనలో అసలు కిటుకు ఒకటుంది. అందులో పాఠం మొత్తం చెప్పరు. ప్రశ్న అడగడమో, ఉదాహరణ ఇవ్వడమో, బోర్డు వాడటమో... ఏదో ఒక్క నైపుణ్యం మీదే దృష్టి పెడతారు. వీడియో డెమోకీ అదే సూత్రం. కానీ మనవాళ్లు చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. అయిదు నిమిషాల్లో ‘భిన్నాలు’ అధ్యాయం అంతా లాగించేద్దామని చూస్తారు. నిర్వచనం, రకాలు, కూడిక, తీసివేత, ఇంటిపని... రైలు తప్పిపోతుందన్నట్టు పరుగు. చూసేవాళ్లకు తెలిసేది ఒక్కటే, ఈ అభ్యర్థికి భిన్నాలు వచ్చునని. ఆ సంగతి డిగ్రీ సర్టిఫికెట్టే చెబుతోంది కదా!

పెద్దది మూడో వంతా, నాలుగో వంతా?

మరి ఎంత చెప్పాలి? పిల్లవాడి బుర్రలో ఉన్న ఒకే ఒక్క చిక్కు విప్పితే చాలు. ఒక ఉదాహరణ చూద్దాం.

నాలుగో తరగతి పిల్లల్ని ‘1/3 పెద్దదా, 1/4 పెద్దదా?’ అని అడగండి. ‘1/4’ అని ఠక్కున చెప్పేవాళ్లు ఉంటారు. మూడు కన్నా నాలుగు పెద్దది కాబట్టి! పిల్లవాడి లెక్కలో అది తప్పు కాదు. వాడికి అప్పటిదాకా తెలిసిన అంకెలన్నీ అలాగే నడిచాయి మరి. వీడియోకి ఇంతకన్నా మంచి అంశం దొరకదు. ఇక్కడ మీరు చెప్పాల్సింది లెక్క ఒక్కటే కాదు, పిల్లవాడు ఎందుకలా అనుకున్నాడో మీకు తెలుసన్న సంగతి కూడా.

దీనికి కావలసిన సామగ్రి రెండు కాగితం పట్టీలు. ఒక్కోటీ సరిగ్గా 24 సెంటీమీటర్ల పొడవు కత్తిరించుకోండి. 24 ఎందుకంటే మూడు భాగాలు చేస్తే ఎనిమిదేసి, నాలుగు చేస్తే ఆరేసి, ఎనిమిది చేస్తే మూడేసి సెంటీమీటర్లు వస్తాయి. ఎక్కడా చిల్లర మిగలదు. కాగితాన్ని సగానికి మడవడం సులువే కానీ మూడుగా మడవడం కెమెరా ముందు చేతులు వణుకుతుంటే అయ్యే పని కాదు. అందుకని ముందే పెన్సిలుతో సన్నని గుర్తులు పెట్టుకోవాలి. అవి కెమెరాకి కనబడవు, మీకు కనబడతాయి.

మొదట ప్రశ్న బోర్డు మీద రాయండి. ‘1/4 అనుకుంటున్నారా? ఎందుకు?’ అని అడగండి. ‘తప్పు’ అనకండి. ‘అయితే కొలిచి చూద్దాం’ అంటూ పట్టీలు తీయండి. రెండింటినీ పక్కపక్కన పట్టుకుని సమానమేనని చూపించండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. రెండు పట్టీలూ ఒకే పొడవు కాకపోతే పోలికే లేదు. చిన్న రొట్టెలో మూడో వంతు కన్నా పెద్ద రొట్టెలో నాలుగో వంతు ఎక్కువే రావచ్చు కదా. గణితం తెలిసిన పరీక్షకుడు ఈ ఒక్క వాక్యం కోసమే చెవులు రిక్కించి వింటాడు.

ఒకదాన్ని మూడుగా, ఇంకోదాన్ని నాలుగుగా మడిచి, ఒక్కో దాంట్లో ఒక్కో గడికి రంగు వేసి, ఒకదాని కింద ఒకటి బోర్డుకు అంటించండి. ఇప్పుడు మీరేమీ చెప్పక్కర్లేదు. కాస్త ఆగండి. చివరగా ‘మరి 1/8 ఎక్కడి దాకా వస్తుంది? మడవకుండా చెప్పండి చూద్దాం’ అనండి. పాఠం అర్థమైందో లేదో తెలిసేది ఈ ప్రశ్నతోనే. ‘అందరికీ అర్థమైందా?’ అని అడిగితే ఏ క్లాసులోనైనా వచ్చే జవాబు ‘ఎస్ టీచర్’ ఒక్కటే!

మిగతా సబ్జెక్టులకూ ఇదే కొలత. ఇంగ్లిషు టీచరు టెన్సులన్నీ పట్టుకోవద్దు, ‘సిన్స్’ ఎక్కడ, ‘ఫర్’ ఎక్కడ అన్నది చాలు. సైన్సుకు ‘కాంతి’ అధ్యాయం కాదు, సాయంత్రం నీడ ఎందుకు సాగుతుందో ఒక టార్చిలైటు, ఒక పెన్నుతో చూపించొచ్చు. సోషల్ అయితే, కాకినాడకు దగ్గర్లోంచి వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశమే దేశమంతటికీ గడియారం ఎలా అయిందో చెప్పండి. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే గ్రీనిచ్ కన్నా మనం అయిదున్నర గంటలు ఎందుకు ముందున్నామో పిల్లలే తేల్చేస్తారు. తెలుగు మాస్టారు సంధులన్నీ వల్లించేకన్నా దేవాలయం అన్న ఒక్క మాటను విప్పి చూపిస్తే బాగుంటుంది.

‘వెరీగుడ్ రవీ...’ ఎవరా రవి?

అసలు ఇబ్బంది ఇక్కడుంది. ఎదురుగా ఎవరూ లేరు. ఉన్నట్టు నటించాలా?

చాలా వీడియోల్లో ఇదే తంతు. టీచరు ప్రశ్న అడుగుతారు. అర సెకను ఆగి ‘ఎస్, వెరీగుడ్ రవీ, కరెక్టుగా చెప్పావ్’ అంటారు. లేని రవి ఎప్పుడూ తప్పు చెప్పడు! అందువల్లే అది తేలిపోతుంది. నిజం క్లాసులో తప్పు చెప్పే పిల్లవాడే టీచరుకు పరీక్ష. ఊహల్లోని పిల్లలంతా ఫస్ట్‌ర్యాంకర్లయితే ఇక టీచరెందుకు?

దీనికి చవకైన ఉపాయం ఒకటుంది. ఫోను పక్కనే, కెమెరాలో పడకుండా, ఒక పిల్లనో పిల్లవాడినో కూర్చోబెట్టుకోండి. మీరు చెప్పే తరగతి వయసువాళ్లయితే మేలు. అప్పుడు మీ చూపు దానంతటదే కెమెరా వైపు ఉంటుంది, అద్దంలో చూసుకుంటున్నట్టు కాకుండా మనిషిని చూస్తున్నట్టు ఉంటుంది. గొంతు మారుతుంది. వాడు నొసలు చిట్లిస్తే మీరు మళ్లీ చెబుతారు. వాడు అడ్డదిడ్డంగా ఏదో అడిగితే అది రికార్డవుతుంది. అవ్వనివ్వండి! ఆ డౌటుకి మీరిచ్చే జవాబే ఈ వీడియో మొత్తంలో అందరికన్నా మిమ్మల్ని ముందు నిలబెట్టొచ్చు. సొంత పిల్లలైతే ‘అమ్మా, ఇంకెంతసేపు’ అంటారు కాబట్టి పక్కింటివాళ్లను బతిమాలుకోవడం నయం. ముఖం కనబడకపోయినా గొంతు రికార్డవుతుంది కనుక వాళ్ల అమ్మానాన్నలకు ముందే చెప్పండి.

ఎవరూ దొరకలేదా? అయితే నటించకండి. ‘కొంతమంది 1/4 అని చెప్పి ఉంటారు. నాలుగు పెద్దది కదా అని. అదేంటో చూద్దాం’ అనండి చాలు. నిజాయతీగా ఉంటుంది, పిల్లల పొరపాట్లు మీకు తెలుసనీ తెలుస్తుంది.

ఇంకో సంగతి, మౌనం. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970లలో క్లాసుల్ని రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఎదురుచూసేది సగటున ఒక్క సెకనే అని తేలింది. ఆ ఒక్కటి మూడు సెకన్లయితే చాలు, పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లూ చెప్పడం మొదలుపెట్టారు. కెమెరా ముందు మూడు సెకన్లు ఊరుకోవడం యుగంలా అనిపిస్తుంది. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోండి. చూసేవాళ్లకు అది తడబాటులా అనిపించదు, అనుభవంలా కనిపిస్తుంది.

ఫోనుతో కాస్త జాగ్రత్త

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఫోన్ని అడ్డంగా పెట్టండి, నిలువుగా పెడితే మీరు ఉంటే బోర్డుండదు, బోర్డుంటే మీరుండరు. కిటికీ మీ వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. వెలుతురు ఎదురుగానో, పక్కనుంచో రావాలి. తెల్లబోర్డు మీద ట్యూబులైటు మెరుస్తుంటే బోర్డుని కాస్త వంచి చూడండి. సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో అక్షరాలు అద్దంలోలా తిరగబడతాయి. కాబట్టి వెనక కెమెరాయే వాడండి. సన్నని గీతల చీర, చొక్కా కెమెరాలో జిగేల్‌మంటూ కదులుతున్నట్టు కనిపిస్తాయి. ఒకే రంగు బట్టలు మేలు.

అన్నిటికన్నా ముఖ్యం శబ్దం. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా సర్దుకుంటారు, మాట వినబడకపోతే మాత్రం కట్టేస్తారు. ఫోను నాలుగడుగుల దూరంలో ఉంటే చాలు. ఇంకా దూరమైతే వైరున్న ఇయర్‌ఫోన్ మైకు కొంగుకో జేబుకో తగిలించుకోవచ్చు. ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే నాలుగో నిమిషంలో బ్యాంకు లోను కావాలా అంటూ ఎవరో ఫోను చేస్తారు. పొద్దున్నే ఏడు లోపు తీసుకుంటే వీధి ప్రశాంతంగా ఉంటుంది, పక్కన గుడి మైకు లేకపోతే!

నేపథ్య సంగీతాలు, ఎగిరే అక్షరాలు, ముక్కలు ముక్కలుగా అతకడాలు వద్దు. ఒకే బిగిన తీసిందే నమ్మకం కలిగిస్తుంది. అమెరికాలో అనుభవమున్న టీచర్లకిచ్చే నేషనల్ బోర్డ్ సర్టిఫికెట్ కోసం కూడా క్లాసు వీడియోలు పంపాలి. పది, పదిహేను నిమిషాల వీడియోల్లో మధ్యలో కత్తిరింపులు ఒప్పుకోరు. ఎందుకలా చెప్పారో రాసి కూడా జతచేయాలి. మనమూ అదే పని చేయొచ్చు. ఏ తరగతి, ఏ అంశం, పిల్లలు ఎక్కడ పొరబడతారు, తర్వాతి రోజు ఏం చెబుతారు... అరపేజీ రాసి వీడియోతో పంపితే అడగకపోయినా చదువుతారు.

బోర్డు మీద ఒక అంకె తప్పు రాశారనుకోండి. ఆపేసి మొదటికి రాకండి. ‘ఇక్కడ నేను తప్పు రాశాను, దిద్దుతున్నాను’ అని దిద్దండి, క్లాసులో చేసేదీ అదేగా. మూడుసార్లు తీశాక ఆపేయడం మంచిది. నాలుగోసారి నుంచి మాటలు బాగుంటాయేమో కానీ ముఖంలో కళ పోతుంది.

ఇంట్లోవాళ్లకూ పనుంది

‘బ్రహ్మాండంగా ఉంది’ అనే భర్త, ‘ఇంకాస్త నవ్వమ్మా’ అనే అత్తగారు... ఇద్దరి మాటా విని పక్కన పెట్టండి. ముందు శబ్దం తీసేసి ఎవరికైనా చూపించండి, ఏం జరుగుతోందో అర్థమైతే మీ బోర్డు, మీ చేతులు పనిచేస్తున్నట్టు. తర్వాత ఫోను బోర్లించి మాట మాత్రమే వినిపించండి, విసుగు పుడితే గొంతు ఒకే శ్రుతిలో పోతున్నట్టు. చివరగా ఏ అయిదో తరగతి పిల్లకో చూపించి ‘1/5 పెద్దదా, 1/6 పెద్దదా?’ అని అడగండి. ఆ పిల్ల జవాబుకి మించిన మార్కులు ఎవరూ వేయలేరు.

తెలుగు మీడియంలో చదివినవాళ్లను భయపెట్టేది ఇంగ్లిషు. మాటలు బట్టీపట్టి అప్పజెబితే మొదటి నిమిషంలోనే దొరికిపోతారు. నాలుగో తరగతి పిల్లలకు పెద్ద పెద్ద వాక్యాలు అక్కర్లేదు. ‘ఫోల్డ్ ఇట్. కౌంట్ ది పార్ట్స్. విచ్ ఈజ్ బిగ్గర్?’ ఈపాటి ఇంగ్లిషుతో పాఠం నడుస్తుంది. చిన్న వాక్యాలు చెప్పడం చేతగానితనం కాదు, అది పిల్లల కోసం. స్పెల్లింగులు మాత్రం ముందురోజే చూసుకోండి. ఉచ్చారణ కాస్త అటూఇటూ అయినా పోనిస్తారు కానీ బోర్డు మీద తప్పు వీడియోలో శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇక కొన్ని హెచ్చరికలు. డెమో చూడటానికి ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ కట్టమన్నారంటే అది ఉద్యోగం కాదు, వల. జీతం మాట ఎత్తకుండా వరుసగా పది పాఠాలు రికార్డు చేసి పంపమంటే, అవి ఎందుకోసమని నిలదీయాల్సిందే. ఒక్క వీడియోకే రెండు రోజుల కష్టం, అది ఊరికే ఎవరి పాఠాల ఖజానాలోనో చేరకూడదు. ఎంత జీతం, ఎన్ని పీరియడ్లు అన్నది ముందే అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడతారు మనవాళ్లు. అడగండి, ఫరవాలేదు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు. గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తే, ‘లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అన్న అనుమతి పెట్టారో లేదో ఇంకో ఫోన్లో తెరిచి చూసుకోండి. మూడు రోజులు కష్టపడి తీసిన పాఠం తాళం వేసి పంపితే చూసే ప్రిన్సిపాలు తాళంచెవి కోసం వెతకరు, తర్వాతి పేరుకు వెళ్లిపోతారు. ఫైలు పేరుగా మీ పేరు, సబ్జెక్టు, తరగతి పెట్టండి.

వీడియో నచ్చితే పిలుపొస్తుంది. అక్కడ మళ్లీ డెమో ఉంటుంది, చాలాచోట్ల అదే అంశం మీద ప్రశ్నలుంటాయి. ‘అయినా పిల్లవాడికి అర్థం కాకపోతే?’ అని అడుగుతారు. పట్టీల బదులు దోసె అనో, పన్నెండు గోళీలనో ఇంకో దారి సిద్ధంగా ఉంచుకోండి. వెళ్లేటప్పుడు సంచిలో ఆ 24 సెంటీమీటర్ల పట్టీలు ఒక జత కాదు, నలభై జతలు పెట్టుకోండి. ఈసారి ఎదురుగా పిల్లలుంటారు.